చీమలకు నలభై రోజులు

వాసిల్కా పిన్ని మెట్లెక్కేటప్పుడు ప్రతి అంతస్తులోనూ ఏదో ఒక పని కల్పించుకుంటుంది. మొదటి మలుపులో ఎవరి గుమ్మం ముందో కాళ్ళు తుడుచుకునే పట్టా సరిచేస్తుంది. రెండో అంతస్తులో కిటికీ గొళ్ళెం తీసి మళ్ళీ పెడుతుంది. మూడో అంతస్తులో బల్బు వెలుగుతున్నా సరే తలెత్తి కాసేపు అనుమానంగా చూస్తుంది. మోకాళ్ళ నొప్పి అని మాత్రం ఒప్పుకోదు. అడిగితే "పనుండి ఆగానే" అంటుంది.

ఆవిడకి అరవై ఎనిమిదేళ్ళు. డాన్యూబ్ నది ఒడ్డున ఉన్న మా రూసె ఊరి ట్రాలీబస్సుల్లో ముప్ఫై ఏళ్ళు కండక్టరుగా తిరిగింది. పద్దెనిమిది ఇళ్ళున్న మా భవనానికి పద్నాలుగేళ్ళుగా పెద్ద. ఆ పదవి ఎవరికీ అక్కర్లేదు. ఏటా జరిగే సమావేశంలో ఈసారి పెద్దగా ఎవరుంటారని అడగ్గానే అందరూ తమ చెప్పుల వైపు చూసుకుంటారు. కాసేపటికి వాసిల్కా పిన్ని నిట్టూర్చి, "సరే, మీ చెప్పులన్నీ నాకు గుర్తుండిపోయాయి, ఇక తలలెత్తండి" అంటుంది. అంతటితో ఎన్నిక అయిపోతుంది.

ఈ పద్నాలుగేళ్ళలో ఆవిడ ఒక్క ఏడు కూడా మానకుండా చేసిన పని ఒకటుంది. అక్టోబరు మూడో వారంలో ఊరంతటికీ వేడినీళ్ళ గొట్టాలు తెరుస్తారు. గదుల్లో రేడియేటర్లు టిక్కుటిక్కుమంటూ వేడెక్కుతాయి. ఆ వారంలోనే చీమలు దిగుతాయి. ఆవిడ ముక్కుకి గుడ్డ కట్టుకుని, మందు డబ్బా పట్టుకుని, గొట్టాలు గోడలోకి పోయే ప్రతి కన్నం దగ్గరా బుస్సుమని కొడుతూ కింది నుంచి పైదాకా వస్తుంది. రెండు రోజులు మెట్లంతా ఆ వాసనే. ఆ వాసన తగిలితే మావాళ్ళకి శీతాకాలం వచ్చినట్టు.

వసంతంలో వచ్చే నల్లచీమల సంగతి వేరు. అవి బయటి మట్టిలో ఉండేవి, తిండి వెతుక్కుంటూ లోపలికి వస్తాయి. బాల్కనీలో కన్నం పూడ్చి, తేనె సీసా మూతి తుడిచి పెట్టుకుంటే వాటి దారిన అవి పోతాయి. జులైలో వాన వెలిసిన సాయంత్రం రెక్కలతో ఎగిరి కిటికీ గట్ల మీద రాలిపోతాయి. అంతే. శీతాకాలపు చీమ అలా కాదు, అది ఇంటిదే. నువ్వుగింజలో సగం ఉంటుంది, లేత పసుపు రంగు, వేలి కింద నలిగినా తెలియదు. బయటి చలిలో ఒక రోజు బతకలేదు. వెచ్చటి గొట్టమే దాని ఊరు.

నేను నీటి పరీక్షల ప్రయోగశాలలో పనిచేస్తాను. పాప పుట్టాక సెలవులో ఉన్నాను. నా భర్త ప్లామెన్ డాన్యూబ్ నది మీద సరుకు పడవలో ఉంటాడు, క్రిస్మస్ దాకా రాడు. పాప నెవేనాకి అప్పటికి ఏడు నెలలు. దానికి చెవుల వెనక చర్మం పగిలి రసి కారేది. రాసే మందు రాస్తూనే ఉన్నాను. అక్టోబరు ఆఖరి వారంలో ఒక మధ్యాహ్నం నిద్రలోంచి కెవ్వుమంది. వెళ్ళి చూస్తే ఊయలమంచం కొయ్య మీంచి దుప్పటి మీదికి, అక్కడి నుంచి దాని మెడ మీదికి, మెడ మీంచి ఎడమ చెవి వెనక్కి ఒక సన్నటి పసుపు గీత ఉంది. తడి దూదితో ఒక్కొక్కటే తీశాను. ఇరవై మూడు వరకు లెక్కపెట్టాను. తరవాత లెక్కపెట్టడం మానేశాను.

డాక్టరు చెవి చూసి, లోపలికి పోలేదులే అంది. "వీటికి తడి పుండు కనిపిస్తే చాలు. ఇవి తిరిగే ఇంట్లో పాపని ఉంచకండి. వేరే ఎక్కడికైనా వెళ్ళగలరా?"

వెళ్ళడానికి మా అత్తగారి పల్లె ఒకటే ఉంది. ఒక్క గది, ఒక్క కట్టెల పొయ్యి, డాక్టరు నలభై కిలోమీటర్ల దూరంలో. మంచు కురిస్తే దారి మూసుకుపోతుంది. కాబట్టి నా ముందున్నవి రెండే. మా భవనంలోంచి చీమలు పోవాలి, లేదా రసి కారే పిల్లతో నేను ఆ పల్లెకి పోవాలి.

ఆ సాయంత్రం నాలుగో అంతస్తులో మా ఇంటికి వాసిల్కా పిన్ని డబ్బాతో వచ్చింది.

"పాపని వంటింట్లోకి తీసుకుపో. ఒక్కదాన్ని మిగల్చను."

"కొట్టకండి పిన్నీ."

"ఏం? మంచి మందే. పోయినేడు కొట్టిందే."

"పోయినేడు ఎన్నిళ్ళలో వచ్చాయి?"

ఆవిడ వేళ్ళు మడిచింది. "పదకొండు."

"అంతకు ముందేడు?"

"ఏడు. అంతకు ముందు నాలుగో అయిదో." వేళ్ళు అక్కడ ఆగిపోయాయి. "ఇంతకీ ఏం చెప్పబోతున్నావే?"

నాకు తెలిసింది చెప్పాను. ఈ పసుపు చీమల గూట్లో రాణి ఒక్కతే ఉండదు, చాలామంది ఉంటారు. మందు వాసన తగలగానే బయట తిరుగుతున్నవి చస్తాయి. లోపలివి బెదిరి, గుంపుకో రాణినీ నాలుగు గుడ్లనీ ఎత్తుకుని వేరే కన్నాల్లోకి పోతాయి. ఒక గూడు నాలుగు గూళ్ళవుతుంది. మర్నాడు చచ్చిన చీమలు కనిపిస్తాయి గనక మందు పనిచేసిందనుకుంటాం.

ఆవిడ గుమ్మం పక్కన చెప్పుల బల్ల మీద కూర్చుంది.

"అంటే నేను చంపట్లేదు, పెంచుతున్నాను."

నేను ఆవిడ చేతిలోంచి డబ్బా అందుకుని కింద పెట్టాను.

"పద్నాలుగేళ్ళా?"

"అందరూ అలాగే చేస్తారు పిన్నీ."

"అందరూ వాళ్ళిళ్ళలో చేస్తారు. నేను పద్దెనిమిదిళ్ళకీ చేశాను." ఊయలమంచం వైపు చూసింది. "పాప చెవి దగ్గరికి వచ్చినవి నేను తోలినవేనన్నమాట."

ఆవిడ లేచి, డబ్బాని అట్టపెట్టెలో పెట్టి తాడుతో గట్టిగా కట్టేసింది, లోపలినుంచి అది లేచి వస్తుందేమో అన్నట్టు.

"సరే, మరేం చెయ్యాలి?"

"విందు పెట్టాలి."

తేనెలో కొంచెం, ఉడికిన గుడ్డు పచ్చసొనలో కొంచెం బోరిక్ పొడి కలపాలి. నూటికి ఒక పాలు, అంతే. ఎక్కువైతే తిన్న చీమ దారిలోనే చస్తుంది. తక్కువగా ఉంటేనే ఇంటికి మోసుకెళ్ళి రాణులకీ పిల్లలకీ పెడుతుంది. పొడి చూడగానే ఆవిడ మొహం వికసించింది.

"ఇదా! దీన్ని నీళ్ళలో కలిపేగా మా పిల్ల కళ్ళు కడిగాను."

"ఇప్పుడెవరూ కడగట్లేదు పిన్నీ. పిల్లల నోట్లోకి పోతే మంచిది కాదు. అందుకే రసం తాగే స్ట్రా ముక్కల్లో నింపి, పాకే పిల్లలకి అందనంత ఎత్తులో గొట్టాల వెనక పెడదాం. ఒక్క మాట. పద్దెనిమిదిళ్ళలోనూ ఒకే రోజు పెట్టాలి. ఎవరూ మందు కొట్టకూడదు, చీమల బారు తుడవకూడదు. ఒక్కరు తప్పినా అవి ఆ ఇంట్లోకి సర్దుకుంటాయి."

"ఎన్నాళ్ళు?"

"ఒక వారం దాటాక మళ్ళీ నింపాలి. మూడో వారంలో ఇంకోసారి. మొత్తం ఆరు వారాలు."

నేను వివరంగా ఒక కాగితం రాశాను. గూడు బొమ్మ, రాణుల బొమ్మ, బాణం గుర్తులు, ఏ వారం ఏం జరుగుతుందో ఒక పట్టిక. వీధి తలుపు మీద అంటించాం. నాలుగు రోజులైనా ఒక్కరూ చదవలేదు. అయిదో రోజు దాని అంచున ఎవరో పెన్సిలుతో "లిఫ్టు ఎప్పుడు బాగుచేస్తారు?" అని రాశారు.

వాసిల్కా పిన్ని ఆ తలుపు ముందు చాలాసేపు నిలబడింది. మా ఊళ్ళో ఎవరైనా పోతే ఆ ఇంటి తలుపు మీద నల్ల అంచు కాగితం అంటిస్తారు. ఫొటో, పేరు, తారీఖు ఉంటాయి. తొమ్మిదో రోజు, ఇరవయ్యో రోజు, నలభయ్యో రోజు దినాలు చేస్తారు. మా భవనం తలుపు మీద అప్పుడు మూడో అంతస్తు రాద్కా గారి కాగితం ఉంది. అక్టోబరు మొదట్లో పోయారావిడ. పాలవాడి నుంచి పోస్టుమాన్ దాకా ప్రతివాడూ ఆగి అది చదివి వెళ్ళేవాడు.

"నీ బాణాలెవరికి కావాలే," అంది పిన్ని. "వారం దాటాక, మూడో వారంలో... అది ఎవరికి గుర్తుంటుంది? తొమ్మిది, ఇరవై, నలభై అను. ఈ ఊళ్ళో పసిపిల్లకి కూడా నోటికొచ్చు."

మర్నాడు గురువారం. పొద్దున్న తలుపు మీద కొత్త నల్ల అంచు కాగితం కనిపించింది. ఫొటో ఉండాల్సిన చోట పెన్నుతో గీసిన చీమ. దాని కింద ఇలా ఉంది: "తీవ్ర విచారంతో తెలియజేయునది. మన భవనంలోని పసుపు చీమలు ఈ ఆదివారం పది గంటలకు చివరి భోజనానికి కూర్చుంటాయి. తొమ్మిదో రోజున, ఇరవయ్యో రోజున, నలభయ్యో రోజున వడ్డన ఉంటుంది. అంతవరకు ఎవరూ మందు కొట్టరాదు, బారు తుడవరాదు. పువ్వులు తేనక్కరలేదు. ఇట్లు, వాసిల్కా."

మధ్యాహ్నానికి భవనమంతా చదివేసింది. మెట్ల మీద నవ్వులు వినిపించాయి. ఆరో అంతస్తు ఆవిడ పైనుంచి కేకేసి, "వాసిల్కా, మేం కూడా నల్లబట్టలేసుకోవాలా?" అని అడిగింది. ఎన్నాళ్ళ తరవాతో నాకూ నవ్వొచ్చింది.

సాయంత్రం నాచెవ్ బాబాయ్ ఆ కాగితాన్ని చింపేశాడు.

నాచెవ్ బాబాయ్ రాద్కా గారి భర్త. రేవులో క్రేను నడిపి రిటైరయ్యాడు. ఆయన ఇల్లు సరిగ్గా మా ఇంటి కింద. గొట్టం ఆయన వంటింట్లోంచే మా ఇంట్లోకి వస్తుంది. వాసిల్కా పిన్ని ఉండేది ఆయన కింది అంతస్తులో. చిన్న టేపు ముక్కే మిగిలితే ఆవిడ తన కాగితం మూలని రాద్కా గారి కాగితం మీదికి ఎక్కించి అంటించింది. చీమ కాలు ఒకటి రాద్కా గారి భుజం మీద పడింది. ఆవిడ గమనించలేదు. అది రాద్కా గారు పోయిన ముప్ఫై ఒకటో రోజు.

పిన్ని ఆయన తలుపు తట్టినప్పుడు నేను పైమెట్ల మీద పాపని ఎత్తుకుని ఉన్నాను.

"నాచెవ్ అన్నా, పొరపాటైంది. చూసుకోలేదు."

"ముప్ఫై ఏళ్ళు నా టికెట్ చూశావు వాసిల్కా. నా పెళ్ళాం మొహం చూసుకోలేదా?"

"టేపు చాలక..."

"నీ చీమలకి నలభై రోజులు. మా రాద్కాకీ నలభై రోజులు. రెండూ ఒకటే నీకు."

తలుపు మూసుకుంది. పిన్ని ఇంకో రెండుసార్లు తట్టింది. తరవాత ఎదురుగా ఉన్న కిటికీ గొళ్ళెం తీసి, పెట్టి, మళ్ళీ తీసింది.

ఆ ఆదివారం విందు జరగలేదు. పదిహేడు ఇళ్ళవాళ్ళూ సరేనన్నారు. ఆయన ఇల్లు లేకుండా మొదలుపెట్టడంలో అర్థం లేదు. ఊయలమంచాన్ని గోడకి దూరంగా లాగి, నాలుగు కాళ్ళూ సబ్బునీళ్ళ గిన్నెల్లో పెట్టాను. రేడియేటరు వేడికి గిన్నెలు రోజుకి రెండుసార్లు ఎండిపోయేవి. పరుపు కుట్ల వెంట రోజుకి ఎనిమిదిసార్లు వెతికేదాన్ని. ఒకసారి దుప్పటి అంచు నేలకి తగిలింది. అది చాలింది వాటికి. పాప మెడ మీద నాలుగు దొరికాయి.

"వచ్చే ఆదివారం దాకా చూస్తాను పిన్నీ. తరవాత పల్లెకి పోతాను," అన్నాను.

"పోవద్దని అనే మొహం నాకెక్కడిదే," అంది. ఆ వారమంతా ఆవిడ మొహం కడిగిన నేలలా వెలవెలబోయి ఉంది.

శుక్రవారం మధ్యాహ్నం మెట్లంతా మాడు వాసన వచ్చింది. నేను బయటికొచ్చేసరికి పిన్ని నాచెవ్ బాబాయ్ తలుపు దబదబా బాదుతోంది. ఈసారి తెరుచుకుంది. ఆయన చేతిలో పొగలు కక్కే గిన్నె.

"గోధుమలు," అన్నాడు. "రేపే నలభయ్యో రోజు. పుస్తకం చూసి నీళ్ళు పోశాను."

దినం నాడు చక్కెర, అక్రోటు పప్పు కలిపిన ఉడికించిన గోధుమలు పంచాలి. అన్నేళ్ళూ అందరి దినాలకీ అది వండింది రాద్కా గారే. పిన్ని గిన్నెలోకి చూసింది.

"పుస్తకం నిన్ను మోసం చేసింది అన్నా. ఇంకో రెండు కిలోలు ఉన్నాయా? ఉంటే పక్కకి జరుగు."

చొక్కా చేతులు పైకి మడుచుకుని పొయ్యి ముందు నిలబడింది. నన్నూ పిలిచింది. రెండు గంటలు ఉడికించి, వార్చి, రాత్రంతా ఆరడానికి బల్ల మీద తెల్లగుడ్డ పరిచి గింజలు పోశాం. గింజల ఆవిరి ఇంకా తగ్గలేదు. గొట్టం కన్నంలోంచి పసుపు గీత బయలుదేరింది. గోడ దిగి, నేల దాటి, బల్ల కాలు ఎక్కింది.

నాచెవ్ బాబాయ్ సింకు కింద నుంచి మందు డబ్బా తీశాడు. పిన్ని ఆయన మణికట్టు పట్టుకుంది.

"వదులు వాసిల్కా. రాద్కా గోధుమలవి."

"తెలుసు. నువ్వు ఇప్పుడు కొడితే ఇవి పైకి పోతాయి. పైన ఈ పిల్ల పడుకుంటుంది." నా చేతుల్లోంచి పాపని తీసుకుని, దాని చెవి మడిచి చూపించింది. "చూడు. పద్నాలుగేళ్ళు నేను కొట్టిన దానికి ఇది. నీ చేత్తో కూడా ఎందుకు?"

ఆయన చాలాసేపు చెవిని చూశాడు. తరవాత డబ్బాని కింద పెట్టాడు. నేను మా ఇంట్లోంచి గిన్నెలూ, ముందే నింపి ఉంచిన ఎర ముక్కలూ తెచ్చి బల్ల కాళ్ళ కింద సబ్బునీళ్ళు పెట్టాను. పిన్ని గొట్టం వెనక మొదటి ఎర ముక్క దూర్చి, మిగతా ఇళ్ళకి రేపే పెట్టాలంది. గీత కాసేపు తడబడి అటు తిరిగింది.

"వీటికి నొప్పి తెలుస్తుందా అమ్మాయ్?" అని ఆయన నన్నడిగాడు.

"నాకు నిజంగా తెలీదు బాబాయ్."

"చదువుకున్నదానివి కదా."

"అది ఎక్కడా రాయలేదు."

ఆయన కుర్చీ లాక్కుని కూర్చుని, తినడానికి వచ్చినవాటిని చూస్తూ ఉండిపోయాడు. "రాద్కా ఉంటే ఏమనేదో," అన్నాడు.

"ఉంటే నన్ను గుమ్మం దాటనిచ్చేదా? నేను మెట్లు తుడిచి వెళ్ళాక మళ్ళీ తుడిచేది మహాతల్లి," అంది పిన్ని. నాచెవ్ బాబాయ్ ముక్కుతో నవ్వాడు. ఆ తరవాత మొహం చేతుల్లో పెట్టుకున్నాడు.

శనివారం స్మశానం నుంచి వచ్చాక ఇద్దరూ కలిసి ఆరో అంతస్తు నుంచి కిందికి దిగుతూ వచ్చారు. భవనం పెద్ద వచ్చి తలుపు తడితే తెరవనివాళ్ళుంటారు. దినం గోధుమలకి తలుపు తెరవనివాళ్ళు మా ఊళ్ళో లేరు. ఆయన కాగితం గ్లాసులో గోధుమలు ఇచ్చేవాడు. ఇంటివాళ్ళు "దేవుడు ఆమెను క్షమించుగాక" అనేవాళ్ళు. ఆ వెంటనే పిన్ని ఎర ముక్కలతో లోపలికి వెళ్ళేది. నాకు అప్పుడు తట్టింది. ఎర పెట్టే రోజున ఇంటింటా చక్కెర గోధుమలా! పక్కన అంత తీపి ఉంటే మా తేనె ఎవరికి కావాలి? ఆ మాట పిన్ని చెవిలో వేశాను. అంతే, అప్పటి నుంచి ఆవిడ ప్రతి గుమ్మంలోనూ నిలబడి, "ఇక్కడే తిను. నా ముందే తిను. గ్లాసు ఇలా ఇవ్వు," అనడం మొదలుపెట్టింది.

"నమలనివ్వు తల్లీ, ట్రాలీబస్సు వెళ్ళిపోతోందా?" అన్నాడు అయిదో అంతస్తులో ఒకాయన.

"వెళ్ళిపోతోంది. గింజ కింద పడింది, తియ్యి."

పద్దెనిమిదో ఇల్లు అయ్యేసరికి ఆవిడ మెట్ల మీదే కూర్చుండిపోయింది. పనుండి ఆగానని ఈసారి అనలేదు.

తొమ్మిదో రోజుకి చీమలు మునుపెన్నడూ లేనంతగా వచ్చాయి. అలా వస్తాయని నాకు తెలుసు. అయినా పాప మంచం కింది గిన్నెల్లో మళ్ళీ సబ్బునీళ్ళు నింపాను. పిన్ని ఫోను మోగుతూనే ఉంది. ఆవిడ మా వంటింట్లో కూర్చుని, స్ట్రా ముక్కల్లో తేనె నింపుతూ, చెంపకీ భుజానికీ మధ్య ఫోను ఇరికించుకుని మాట్లాడేది.

"తిననివ్వు. నీ మొగుడికంటే తక్కువే తింటాయి. వద్దు, తుడవకు. అమ్మా, గుడ్డ కింద పెట్టు. కింద పెట్టావా? నాకు వినిపించేలా పెట్టు."

ఆ రోజుల్లో ఆవిడ రోజుకి మూడుసార్లు పైకీ కిందికీ తిరిగింది. ఎవరి ఇంట్లో మందు వాసన వస్తోందో ముక్కుతో కనిపెట్టేది. గొట్టాల చుట్టూ కన్నాలు చివర్లో పూడ్చాలి, ముందే పూడిస్తే అవి ఎరకి రాలేవని చెబితే, పూడ్చడానికి తయారైనవాళ్ళ చేతుల్లోంచి సిమెంటు గరిటెలు లాక్కుంది. ఇరవయ్యో రోజుకి గీతలు పల్చబడ్డాయి. ముప్ఫయ్యో రోజుకి మా ఇంట్లో ఒక్క చీమ కూడా కనిపించలేదు. నాకు నమ్మకం కలగలేదు. కనిపించకపోవడం వేరు, లేకపోవడం వేరు. నలభయ్యో రోజున ప్రతి ఇంట్లోనూ తేనె రాసిన అట్టముక్క మూడు గంటలు పెట్టి చూడాలి. అంతవరకు పల్లె మాట ఎత్తనని పిన్నికి మాటిచ్చాను.

నలభయ్యో రోజు క్రిస్మస్ ముందు రోజు పడింది. ప్లామెన్ ఫోను చేశాడు. పొగమంచులో పడవ ఆగిపోయిందట, రావడానికి ఇంకా రెండు రోజులు పడుతుందట. పాపని వీపున కట్టుకుని మధ్యాహ్నం నేనూ పిన్నీ అట్టముక్కలు ఏరుకుంటూ దిగాం. ఆరో అంతస్తు, ఏమీ లేవు. అయిదు, లేవు. మా ఇల్లు, లేవు. నాచెవ్ బాబాయ్ ఇల్లు, లేవు. రెండో అంతస్తులో పిన్ని తన తలుపు తాళం తీసింది. వంటింట్లో గొట్టం కింద అట్టముక్క ఉంది. దాని మీద తేనె కనిపించడం లేదు. అంతా పసుపు.

గొట్టం వెనక ఎర ముక్కలు తీసి చూశాను. ఇరవయ్యో రోజు నింపినవి నిండుగానే ఉన్నాయి, ఎండి గట్టిపడి. సింకు అంచున వెనిగర్ సీసా, దాని మీద ఆరేసిన గుడ్డ.

"పిన్నీ, తుడుస్తున్నారా?"

"లేదు," అంది. తరవాత తన చేతి వైపు చూసుకుంది. "పడుకోబోయే ముందు వంటిల్లు తుడుస్తానుగా. అది తుడవడం కాదే. అది... రోజూ చేసేదే."

వెనిగర్ తుడిస్తే చీమల దారి వాసన పోతుంది. ఎరకి వెళ్ళే దారి అవి మరిచిపోయి కొత్తదారి వెతుక్కుంటాయి. అది ఆవిడకి నేను చెప్పిందే. ఆవిడే పదిహేడు ఇళ్ళకి చెప్పింది.

"అందరి చేతుల్లోంచీ గుడ్డలు లాక్కున్నాను," అంది. ఆవిడ గొంతులో కోపం లేదు, ఏడుపూ లేదు, ఇంకో అంతస్తు ఎక్కాలని ఇప్పుడే తెలిసినట్టుంది. "మళ్ళీ మొదటి రోజా నాకు?"

"మీ ఒక్క ఇంటికే. ఎర మారుస్తాను. మీరు వంటింట్లోకి మాత్రం రాకండి."

"రాకపోతే ఎక్కడ తినను?"

"మా ఇంట్లో."

అలా ఆ సాయంత్రం మా బల్ల దగ్గర వాసిల్కా పిన్ని, నాచెవ్ బాబాయ్, నేను, ఒళ్ళో పాప కూర్చున్నాం. క్రిస్మస్ ముందు రోజు భోజనంలో మాంసం, పాలు ఉండవు. చిక్కుడు గింజల పులుసు, మిరపకాయల్లో కూరిన అన్నం, గుమ్మడికాయ కూరిన పిండి చుట్టలు, ఎండుపళ్ళ రసం, తేనె, అక్రోట్లు, రొట్టె. తిన్నాక ఆ బల్ల ఎత్తకూడదు. పోయినవాళ్ళు వచ్చి తింటారని తెల్లారేదాకా అలాగే ఉంచుతారు.

పిన్ని చేతులు వాటంతటవే పళ్ళేలు పేర్చడం మొదలుపెట్టి ఆగిపోయాయి. బల్ల మీద తేనె గిన్నె మూత లేకుండా ఉంది. ఎండుపళ్ళ రసం గుడ్డ మీద ఒలికి ఉంది. ఆవిడ నావైపు చూసింది.

"ఈ ఒక్కసారికి ఎత్తేస్తే తప్పులేదే. పాప ఉంది."

నాచెవ్ బాబాయ్ రాద్కా గారి కోసం తన పక్కన పెట్టిన చెంచాని కొంచెం తిన్నగా జరిపాడు.

కింద రెండో అంతస్తులో ఆ చీమలు ఉన్నాయి. అదే గొట్టం. అక్కడి నుంచి ఇక్కడికి రెండే అంతస్తులు. నా ఒళ్ళంతా వద్దంటోంది.

"ఉంచండి," అన్నాను.

పొద్దున్న ఏడింటికి లేచాను. కిటికీలోంచి బూడిదరంగు వెలుతురు వస్తోంది. భూతద్దం పట్టుకుని ముందు గొట్టం చూశాను, తరవాత గోడ, బల్ల కాళ్ళు. తేనె మీద సన్నటి పొర కట్టింది. రొట్టె పొడి ఎక్కడిదక్కడే ఉంది. ఒలికిన రసం ఎండి మచ్చయింది. ఊయలమంచం కొయ్య, దుప్పటి, పాప చెవి. చెవి వెనక చర్మం పొడిగా, గులాబీ రంగులో ఉంది. మళ్ళీ మొదటి నుంచి చూశాను.

ముందుగదిలో సోఫా మీద పడుకున్న పిన్ని కళ్ళు తెరవకుండానే అడిగింది. "ఉన్నాయా?"

"లేవు."

"సరిగ్గా చూశావా?"

"రెండుసార్లు."

"అయితే పల్లెకి పోవు."

"పోను."

ఆవిడ మెల్లగా లేచి కూర్చుని, మోకాళ్ళు రుద్దుకుంది. "కాసేపాగి దిగుతాను. నా వంటింటి గుమ్మానికి తాడు కట్టేస్తాను, నా చేతులు లోపలికి పోకుండా. నువ్వు పడుకో. కళ్ళు చూడు, చింతనిప్పుల్లా ఉన్నాయి."

నాకు సంతోషం రావాలి. నిద్ర వచ్చింది. పరుపు కుట్లు మూడోసారి చూడకుండానే పాపని తెచ్చుకుని పక్కన పడుకున్నాను.